ముప్పై ఏళ్ల తర్వాత శిక్ష ఎవరికి? ‘అన్‌ఫర్గాటెన్’ మీద ప్రేక్షకుల తగవు వెనక ఉన్న లెక్కలు

బ్రిటన్ నేర ధారావాహిక ‘అన్‌ఫర్గాటెన్’ చూడమని ఎవరికైనా చెబితే మర్నాడు వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. గంటసేపు చూసినా ఎవరికి ఎవరేమవుతారో తెలియలేదంటారు. మొదటి సీజన్‌లో, లండన్‌లో ఓ పాత ఇల్లు కూలగొడుతుంటే కింద ఎముకలు బయటపడతాయి. అక్కడి నుంచి కథ ముక్కలైపోతుంది. చక్రాల కుర్చీలో ఓ ముసలాయన, మతి తప్పుతున్న ఆయన భార్య. ఓ చర్చి ఫాదర్. ప్రభుత్వంలో కొత్తగా పదవి దక్కిన ఓ వ్యాపారవేత్త. వాడలో కుర్రాళ్లను చేరదీసే ఓ పెద్దావిడ. వీళ్లలో ఒకరికొకరు పరిచయమున్నట్టు ఎక్కడా కనిపించదు. ఆ ఎముకలతో ఎవరికీ సంబంధం ఉన్నట్టూ అనిపించదు. ఇంతలో ఎపిసోడ్ అయిపోతుంది.

ఆపేసినవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఆపనివాళ్లలో చాలామంది ఆరు ఎపిసోడ్లూ చూసేదాకా లేవరు. ఒకే కథ మీద ఇంత తేడా అభిరుచుల వల్ల మాత్రమే రాదు. ఈ ధారావాహికను ఏ పనిముట్లతో ఎలా కట్టారో చూస్తే, దాని మీద వినిపించే మెచ్చుకోళ్లూ తిట్లూ ఒకే చోటికి చేరతాయి. నేరం చేసిన మనిషీ, ముప్పై ఏళ్ల తర్వాత పోలీసులు తలుపు తట్టినప్పుడు టీ ఇచ్చే మనిషీ ఒకరేనా అన్నది ఆ చోటు. ప్రేక్షకులు పోట్లాడుకునేది నిజానికి దాని గురించే.

ముందు వివరాలు. బ్రిటన్ టీవీ ఛానెల్ ఐటీవీలో 2015 అక్టోబరులో మొదలైంది. తర్వాతి సీజన్లు 2017, 2018, 2021, 2023, 2025లో వచ్చాయి. సీజన్‌కు ఆరు చొప్పున మొత్తం 36 ఎపిసోడ్లు. రచయిత క్రిస్ లాంగ్. మొదటి నాలుగు సీజన్లలో డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ కాసీ స్టూవర్ట్‌గా నికోలా వాకర్, ఐదో సీజన్ నుంచి జెస్సీ జేమ్స్‌గా షినేడ్ కీనన్ నటించారు. అన్ని సీజన్లలోనూ పక్కనే ఉండే డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ సునీల్ ‘సన్నీ’ ఖాన్‌ పాత్ర సంజీవ్ భాస్కర్‌ది. కింద మొదటి నాలుగు సీజన్ల ముగింపులు విప్పి మాట్లాడుకుంటాం. ఇంకా చూడనివాళ్లు చూశాక రావడం మంచిది.

నాలుగు ఇళ్లు

మామూలు నేర కథలో శవం, అనుమానితులు, పోలీసులు ఒకే గదిలో ఉన్నట్టు ఉంటారు. పోలీసుల వెనకే మనమూ నడుస్తాం. ఇక్కడ అలా కాదు. పోలీసులకు ఇంకా పేర్లు కూడా తెలియని మనుషుల ఇళ్లలోకి మనల్ని ముందే తీసుకెళ్లి కూర్చోబెడతారు. వాళ్ల మనవళ్లు, అప్పులు, ఆస్పత్రి తిప్పలు, పదవుల ఆశలు అన్నీ చూస్తాం. అంటే మనకు పోలీసులకంటే ఎక్కువ తెలుసు. కానీ హత్య జరిగిన నాడు, మొదటి సీజన్‌లోనైతే 1976లో, ఆ మనిషి ఎవరో పోలీసులకు తెలియనట్టే మనకూ తెలియదు. ముందు మనిషి మీద ఇష్టం పుట్టించి, తర్వాత అనుమానం పెట్టడం ఈ కట్టుబడిలోని కీలకం. అనుమానం ముందు పుడితే ఇష్టం కలగదు. కాబట్టి మొదటి గంటను నెమ్మదిగా నడపడం తప్పనిసరి.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. రెండు మూడు సీజన్లు చూసినవాళ్లు పద్ధతి పట్టేస్తారు. కొత్త సీజన్ మొదట్లో తెర మీద కనిపించే నాలుగు కుటుంబాలకూ లోపల ఏదో పుండు ఉంటుందని, నలుగురూ ఎక్కడో కలుస్తారని, తరచూ వాళ్లలో కొందరి రహస్యాలు ఈ హత్యతో సంబంధం లేనివని తెలిసిపోతుంది. అనుమానం వచ్చిన ప్రతి మనిషి గతంలోనూ ఏదో ఒక నేరమో పాపమో ఉండటం నమ్మశక్యంగా లేదన్న విమర్శ న్యాయమైనదే. ఐదు, ఆరు సీజన్లకు వచ్చేసరికి ఈ అచ్చు బాగా కనబడుతుంది.

కొత్తగా చూసేవాళ్లకు ఓ చిన్న ఉపాయం. మొదటి రెండు ఎపిసోడ్లు ఒకే రోజు చూడండి. ఓ కాగితం మీద నాలుగు గడులు గీసి, ఒక్కో ఇంటిలో ఎవరున్నారో పేర్లు రాసుకోండి. హంతకుడెవరో ఊహించే పని మూడో ఎపిసోడ్ దాకా పెట్టుకోవద్దు. ఐటీవీ దీన్ని వారానికొకటి చొప్పున రాత్రి తొమ్మిదింటికి వేసేది. అలా చూసినవాళ్లకు వారం పాటు చర్చించుకునే తీరిక ఉండేది, మధ్యలో పేర్లు మర్చిపోయే ప్రమాదమూ ఉండేది. ఇప్పుడు ఒకేసారి చూసేవాళ్లకు గందరగోళం తగ్గింది గానీ ఆరు గంటల దిగులు ఒక్కసారే మీద పడుతోంది. బరువుగా ఉందన్న అభిప్రాయం ఒకే రోజులో చూసేసినవాళ్ల దగ్గర ఎక్కువగా వినబడటానికి అదో కారణం.

ల్యాబ్ కన్నా తాళం చెవి ఎందుకు

నెమ్మది మీద రెండో ఫిర్యాదు: డీఎన్ఏ పరీక్ష చేస్తే ఒక్క రోజులో తేలిపోయేదానికి ఇంత తిరుగుడు ఎందుకు? ఇక్కడ కథే నిజానికి దగ్గరగా ఉంది.

ఎముకలు దొరగ్గానే తేల్చాల్సింది అవి ఎప్పటివన్నది. చంపినవాడు ఇంకా బతికి ఉండే కాలానివా, లేక పురావస్తు శాఖకు అప్పజెప్పాల్సినవా? కంటితో చూసి చెప్పడం కష్టం. మట్టిలో ఆమ్లం ఎక్కువుంటే ఇరవై ఏళ్ల ఎముక రెండొందల ఏళ్లదానిలా కనబడుతుంది. ఇందుకు బాగా పనికొచ్చేది రేడియో కార్బన్ పరీక్ష. 1950, 60లలో గాలిలో జరిపిన అణు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. 1963 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. పంటి పైపూత చిన్నతనంలోనే గట్టిపడి ఇక మారదు కాబట్టి, అందులోని కార్బన్-14ను కొలిస్తే ఆ మనిషి సుమారుగా ఏ ఏట పుట్టాడో చెప్పొచ్చు. శవానికి ఇది పుట్టిన సంవత్సరం ఇస్తుంది, పేరు ఇవ్వదు.

పేరు కోసం డీఎన్ఏకి వెళ్తే రెండు అడ్డంకులు. ఒకటి, నీరూ వేడీ డీఎన్ఏను ముక్కలు చేస్తాయి. కణానికి వందల కొద్దీ ప్రతులు ఉండే మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం తరచూ మిగులుతుంది. కానీ అది తల్లి నుంచి బిడ్డకు సాగే వరసలోని బంధువులందరిలోనూ ఒకటే, ఫలానా మనిషే అని ఒంటరిగా తేల్చలేదు. రెండోది ఇంకా పెద్దది: దేనితో పోల్చాలి? బ్రిటన్ జాతీయ డీఎన్ఏ డేటాబేస్ 1995లో మొదలైంది. 1976లో చనిపోయిన కుర్రాడు అందులో ఉండడు. వాళ్ల అమ్మో చెల్లెలో దొరికితే పోల్చవచ్చు, కానీ పేరు తెలియకుండా వాళ్లమ్మ ఎక్కడ దొరుకుతుంది?

అందుకే ఈ కథల్లో దారి వస్తువుల గుండా పోతుంది. మొదటి సీజన్‌లో ఎముకల దగ్గర తుప్పు పట్టిన కారు తాళం చెవి దొరుకుతుంది. ముద్దగా తుప్పు పట్టిన ఇనుము, చేత్తో గట్టిగా పట్టుకుంటే రాలిపోయేలా ఉంటుంది. ఆ తాళం నుంచి కారు, కారు నుంచి సంచి, సంచిలో డైరీ, డైరీలో పేర్లు. చనిపోయింది జిమ్మీ సలివన్ అన్నది అక్కడికి చేరాకే బలపడుతుంది. రెండో సీజన్‌లో నదిలోంచి తీసిన సూట్‌కేసు, నాలుగో సీజన్‌లో తలా చేతులూ లేని శరీరం మీది పచ్చబొట్టు ఇదే పని చేస్తాయి. పచ్చబొట్టు సిరా చర్మం లోపలి పొరలో ఉంటుంది, ఫ్రీజర్‌లో ఉన్న శరీరానికి అది చెక్కుచెదరదు. వేలిముద్రలు, పళ్లు లేకుండా చేసినవాడు దాన్ని మర్చిపోయాడు. ఇలాంటి చోట్ల ప్రేక్షకులకు కలిగే తృప్తి నిజాయితీగా సంపాదించినది.

ఇదే దేశంలో పాత కేసుల కథకు ముందు నుంచీ మరో తీరు ఉండేది. బీబీసీలో 2000 నుంచి 2011 దాకా వచ్చిన ‘వేకింగ్ ది డెడ్’లో రెండు భాగాల్లో, రెండు గంటల్లో కేసు తేలిపోయేది. అధిపతి పీటర్ బోయ్డ్ బల్ల గుద్ది అరిచేవాడు. ఆ పాత్ర వేసిన ట్రెవర్ ఈవ్ ‘అన్‌ఫర్గాటెన్’ మొదటి సీజన్‌లో అనుమానితుడైన వ్యాపారవేత్తగా బల్లకు అవతలి వైపు కూర్చున్నారు. ఆ ధారావాహికకు అలవాటు పడ్డవాళ్లు ఇక్కడికొచ్చి, కాసీ ఎవరి మీదా గొంతు పెంచదేమిటని విస్తుపోయారు.

గొంతు పెంచకపోవడానికి చరిత్ర ఉంది. 1970లలో బాంబు పేలుళ్ల కేసుల్లో పోలీసులు బలవంతంగా రాబట్టిన ఒప్పుకోళ్లతో జైలుకు వెళ్లిన ‘గిల్డ్‌ఫర్డ్ ఫోర్’ అనే నలుగురు 1989లో, ‘బర్మింగ్‌హామ్ సిక్స్’ అనే ఆరుగురు 1991లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాత ఇంగ్లండ్ పోలీసులు ‘పీస్’ అనే విచారణ పద్ధతికి మారారు. నిందితుడి చేత ఒప్పించడం కాదు, అతని కథనం పూర్తిగా చెప్పించుకుని, దాన్ని బయటి ఆధారాలతో పోల్చి, పొసగని చోట నిలబెట్టడం దాని సారం. కాసీ అడిగే తీరు సరిగ్గా అదే. ముందు చెప్పనిస్తుంది, మధ్యలో కత్తిరించదు, చివర్లో ఫొటో ఒకటి బల్ల మీద పెడుతుంది.

అరెస్టు ఆలస్యం, ఒప్పుకోలు విలువ

తెలుగు ప్రేక్షకులకు రెండు చోట్ల ఆశ్చర్యం కలుగుతుంది. ఇంత అనుమానం ఉన్నా అరెస్టు చేయకుండా ఇళ్ల చుట్టూ తిరుగుతారేమిటి? ఆఖర్న విచారణ గదిలో చెప్పిన మాటలకే కేసు తేలిపోయినట్టు చూపిస్తారేమిటి?

మొదటిదానికి జవాబు గడియారం. 1984 నాటి పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం అరెస్టయిన మనిషి స్టేషన్‌కు చేరినప్పటి నుంచి లెక్క మొదలవుతుంది. 24 గంటల్లో అభియోగం మోపాలి లేదా వదలాలి. హత్యలాంటి పెద్ద నేరమైతే సూపరింటెండెంట్ దాన్ని 36 గంటలకు పెంచగలరు. ఆపైన మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాలి, ఎంత అడిగినా మొత్తం 96 గంటలు దాటదు. మన దగ్గర 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచాక 15 రోజుల దాకా పోలీసు కస్టడీ అడిగే వీలుంది. అక్కడ ఆ వెసులుబాటు లేదు. ముప్పై ఏళ్ల నాటి కేసులో కాగితాలు ఎక్కడో గోదాముల్లో ఉంటాయి, సాక్షులు వేరే ఊళ్లలో ఉంటారు. ముందే అరెస్టు చేస్తే నాలుగు రోజుల్లో చేతులు ఖాళీ అవుతాయి. కాసీ, సన్నీ సోఫాల్లో కూర్చుని మర్యాదగా మాట్లాడటం వెనక ఆ లెక్క ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. మన చట్టంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. ఇంగ్లండ్‌లో చెల్లుతుంది. ఒత్తిడి పెట్టి రాబట్టినదని తేలితే కోర్టు తోసేస్తుంది గానీ, సవ్యంగా రికార్డయిన ఒప్పుకోలు ఒక్కటే ఉన్నా శిక్ష పడొచ్చు. అందుకే అక్కడి కథలకు శిఖరం విచారణ గదే. మన దృష్టితో చూస్తే చప్పగా అనిపించే ఆ సన్నివేశం అక్కడి చట్టంలో అసలైన మలుపు.

ప్రతి విచారణకూ ముందు గబగబా చదివే హెచ్చరికను కాస్త ఆగి వినాలి. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. అయితే ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకుండా దాచి, తర్వాత కోర్టులో అదే విషయాన్ని ఆసరా చేసుకుంటే, అది మీ వాదనకు చేటు చేయవచ్చు. మీరు చెప్పేదేదైనా సాక్ష్యంగా పెట్టవచ్చు. ఆ మధ్య వాక్యం 1994 చట్టంతో వచ్చింది. మౌనం హక్కే, కానీ దానికి వెల ఉంది. కథలో ముసలివాళ్లు మాట్లాడకుండా ఉండలేకపోవడం వెనక అపరాధ భావం ఎంత ఉందో ఈ వాక్యమూ అంత ఉంది.

ఇక ఇక్కడ అసలు తప్పులు కూడా చెప్పుకోవాలి. నిజ జీవితంలో చీఫ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి దర్యాప్తును నడిపిస్తారు, తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ కారణంతో సహా పుస్తకంలో రాస్తారు. అనుమానితుల విచారణకు ప్రత్యేక శిక్షణ పొందిన డిటెక్టివ్‌లు వేరే ఉంటారు. కాసీ ప్రతి గదిలోనూ తానే కూర్చోవడం టీవీ సౌలభ్యం. ప్రతి కాగితాన్నీ ‘హోమ్స్’ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కించే సిబ్బందీ తెర మీద కనిపించరు. ‘యార్క్‌షైర్ రిప్పర్’ అనే వరుస హంతకుడి కేసులో కార్డుల కుప్పల్లో అసలు పేరు పదే పదే కొట్టుకుపోయిందన్న అవమానం నుంచి 1980లలో ఆ వ్యవస్థ పుట్టింది. లాయరు పక్కనే ఉన్నా అనుమానితులు ఇంతింత మాట్లాడటం మరో వెసులుబాటు. ఉచితంగా దొరికే డ్యూటీ లాయరు కూడా ఇలాంటి పాత కేసులో తరచూ చెప్పే సలహా నోరు విప్పొద్దనే. ఈ విమర్శలు చేసేవాళ్ల మాట పక్కాగా నిజం.

రెండో సీజన్ ముగింపు

ఈ ధారావాహిక మీద జరిగిన వాదాల్లో అన్నిటికంటే లోతైనది ఇదే. సూట్‌కేసులో దొరికిన డేవిడ్ వాకర్ 1990 నుంచి కనిపించకుండా పోయిన మనిషి. అనుమానం ముగ్గురి మీదికి వస్తుంది: లాయరు కాలిన్, టీచరు సారా, పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సు మారియన్. చిన్నతనంలో ముగ్గురూ లైంగిక హింసకు గురైనవాళ్లే. ఒకరిని హింసించినవాడిని మరొకరు చంపేలా ముగ్గురూ మాట ఇచ్చుకున్నారన్నది నిజం. కాసీ, సన్నీ ఆ నిజం తెలుసుకుంటారు. తెలుసుకున్నది ఫైలెక్కించరు.

కొందరు ప్రేక్షకులు కన్నీళ్లతో మెచ్చుకున్నారు, మరికొందరు పోలీసు అధికారి దేవుడి పని చేసిందని మండిపడ్డారు. ఎవరి మాట వినాలన్నా ఇంగ్లండ్ చట్టం ఏం చేసి ఉండేదో ముందు తెలియాలి. అక్కడ హత్య రుజువైతే యావజ్జీవమే శిక్ష, జడ్జికి వేరే దారి లేదు. కనీసం ఎన్నేళ్లు లోపల ఉండాలన్నదే ఆయన నిర్ణయించేది. హత్యను అంతకంటే చిన్న నేరంగా మార్చే వాదనల్లో ముఖ్యమైనవి రెండు. మానసిక స్థితి దెబ్బతిని ఉండటం, తీవ్రమైన కారణం వల్ల నిగ్రహం కోల్పోవడం. రెండోది ఈ ముగ్గురికీ ఎందుకు దక్కదో చూడండి. నిగ్రహం కోల్పోయిన మనిషి తనకు హాని చేసినవాడి మీద పడతాడు. వీళ్లు చంపినది తమకేమీ చేయని మనిషిని, అదీ పథకం ప్రకారం. ఇలా ఒకరి పగను మరొకరు తీర్చే మార్పిడి వల్ల పోలీసులకు ఉద్దేశం దొరకలేదు. అదే మార్పిడి వల్ల కోర్టులో జాలి చూపే చట్టపు దారి కూడా మూసుకుపోయింది. రచయిత దీన్ని చాలా జాగ్రత్తగా బిగించారు.

ఇంగ్లండ్‌లో హత్య అభియోగం మోపాలా వద్దా అన్నది పోలీసులు తేల్చరు, 1986లో ఏర్పడిన క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ తేలుస్తుంది. దానికి రెండు మెట్లు. శిక్ష పడటానికి తగిన అవకాశం ఉందా అన్నది మొదటిది. ఉంటే, కేసు నడపడం ప్రజాహితమేనా అన్నది రెండోది. కాసీ ఆ రెండో మెట్టును తన జేబులో వేసుకుంది. కోపగించినవాళ్ల వాదన అక్కడ గట్టిది. కరుణ తప్పని కాదు, ఆ కరుణ చూపే అధికారం ఒక్క మనిషికి ఉండకూడదని. చనిపోయినవాళ్లకు కూడా కుటుంబాలున్నాయి, ముప్పై ఏళ్లుగా ఎదురుచూసినవాళ్లున్నారు. నా మట్టుకు ఆ ముగింపు మనసును కదిలించింది. అయినా కోపగించినవాళ్లదే సరైన మాట అనిపిస్తుంది. ఆ రెండూ ఒకేసారి అనిపించేలా రాయడం తేలిక కాదు.

మొదటి సీజన్‌లో ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. హత్య చేసింది ఇప్పుడు డిమెన్షియాతో ఏమీ గుర్తులేని క్లేర్. గుర్తే లేని మనిషిని ఎలా శిక్షిస్తారు? ఇంగ్లండ్‌లో విచారణకు తగని స్థితిలో ఉన్నవాళ్ల విషయంలో జ్యూరీ ఆ పని వాళ్లు చేశారా లేదా అన్నంత వరకే తేలుస్తుంది. దోషి అన్న మాట రాదు. ఆస్పత్రికి పంపడమో, పర్యవేక్షణలో ఉంచడమో, వదిలేయడమో జరుగుతుంది. ఆమె భర్త ఎరిక్‌గా నటించిన టామ్ కోర్టనేకి ఆ పాత్రకే 2016లో బ్రిటన్ టీవీ పురస్కారం బాఫ్టా వచ్చింది. భార్యను కాపాడుకోవాలన్న తపనా, ఆమె చేసినది తెలిసిన బరువూ ఆయన మొహంలో ఒకేసారి కనిపిస్తాయి. ఈ సీజన్‌ను బాగోలేదన్నవాళ్లు కూడా ఆయన దగ్గర ఆగిపోతారు.

మూడో సీజన్ దీన్ని తిరగేసింది. 1999 డిసెంబరు 31 రాత్రి కనిపించకుండా పోయిన హేలీ రీడ్ అనే పదహారేళ్ల అమ్మాయిని చంపింది, అందరూ గౌరవించే డాక్టర్ టిమ్ ఫించ్. అతను మారలేదు, మారినట్టు నటించాడు. అలెక్స్ జెన్నింగ్స్ దాన్ని చల్లగా, మృదువుగా చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. రెండో సీజన్ కరుణకు కరిగినవాళ్లకు ఇది గట్టి దెబ్బ. కాసీకి కూడా అంతే. ఆమె కుంగిపోవడం ఇక్కడే మొదలవుతుంది. అందుకే కేసులు వేటికవే అయినా మూడు, నాలుగు సీజన్లను వరుస తప్పించి చూడకూడదు.

కాసీ చావు, జెస్సీ రాక

నాలుగో సీజన్ మొదట్లో కాసీకి ఉద్యోగం మానేయాలని ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ల సర్వీసు పూర్తి చేస్తేనే పూర్తి పెన్షన్ అంటారు. ఇంత చిన్న కారణానికి ఆమెను మళ్లీ తేవాలా అన్నవాళ్లున్నారు. ఆమె తరం పోలీసుల పెన్షన్ పథకం లెక్క చూస్తే అది చిన్న కారణం కాదు. 1987 పథకంలో మొదటి ఇరవై ఏళ్లకు ఏడాదికి జీతంలో అరవయ్యో వంతు, తర్వాతి పదేళ్లకు ఏడాదికి దానికి రెట్టింపు జమవుతుంది. మొత్తం అరవైలో నలభై, అంటే జీతంలో మూడింట రెండు వంతులు. అది వెంటనే చేతికి రావాలంటే ముప్పై ఏళ్లు నిండాలి. చివరి నెలల్లో వదిలేస్తే ఆ పూర్తి పెన్షన్ చేజారుతుంది. ఆరోగ్యం చెడిన మనిషిని ఉద్యోగం తన నిబంధనలతోనే మళ్లీ లాక్కురావడం ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే బాధగా తోచిన విషయం.

2021 మార్చి 29న ప్రసారమైన చివరి ఎపిసోడ్‌లో, కారు ప్రమాదం తర్వాత కాసీ చనిపోతుంది. కేసుతో ఏ సంబంధమూ లేని ప్రమాదం. ప్రేక్షకుల కోపం ఎంత గట్టిగా వచ్చిందంటే రచయిత బహిరంగంగా వివరణ ఇచ్చుకున్నారు. ఆ కోపానికి మూలం ధారావాహిక తానే నేర్పిన అలవాటులో ఉంది. ఇక్కడ ప్రతి చావుకూ కారణం ఉంటుంది, ముప్పై ఏళ్లు పట్టినా దాన్ని తవ్వి తీస్తారు. నాలుగు సీజన్లు ఆ తవ్వే పని చేసిన మనిషి చావుకు మాత్రం తవ్వడానికేమీ లేదు. మోసపోయినట్టు అనిపించడం సహజమే. పగబట్టిన నేరస్థుడెవరో చంపి ఉంటే చాలామంది ఒప్పుకునేవారు, కానీ అప్పుడది మరో మామూలు పోలీసు కథ అయ్యేది.

2023లో జెస్సీ జేమ్స్ వచ్చింది. కొత్త ఉద్యోగం మొదటి రోజు పొద్దున్నే కాపురం కూలిపోతోందని తెలుస్తుంది. అదే మొహంతో ఆఫీసుకు వస్తుంది. సన్నీ ఇంకా కాసీ దుఃఖంలో ఉన్నాడు. ఇద్దరూ కసురుకుంటారు. ఇక మీద చూడమని మొదటి వారమే తేల్చేసినవాళ్లలో చాలామంది సీజన్ చివరికి మెత్తబడ్డారు. కాసీ లాంటి మరో మనిషిని తెచ్చిపెట్టి ఉంటే ఆ మెత్తబడటం జరిగేది కాదు.

సన్నీ గురించి ఓ మాట. భుజాన బ్యాక్‌ప్యాక్‌తో ఎక్కడికైనా వెళ్లే ఈ మనిషిని అభిమానించనివాళ్లు అరుదు. ఆ బ్యాక్‌ప్యాక్‌కే వేరుగా అభిమానులున్నారు. సునీల్ అన్న పేరు పక్కన ఖాన్ అన్న ఇంటిపేరు కనబడగానే మన దేశపు ప్రేక్షకులకు సహజంగా ఓ ప్రశ్న పుడుతుంది. కథ దాన్ని పెద్ద విషయం చేయదు. అతను కూతుళ్ల గురించి బెంగపడే తండ్రి, అలసిన పోలీసు, అంతే. బ్రిటన్‌లోని భారతీయ సంతతి పాత్రలను పెళ్లి సంబంధాల గొడవలకో కిరాణా కొట్టుకో కట్టేసిన రోజుల నుంచి ఇది చాలా దూరం.

ఇక ఎక్కువమంది అడిగేది: ఇన్నేళ్ల తర్వాత నిజంగా కేసు తేలుతుందా? ఇంగ్లండ్‌లో హత్య కేసుకు కాలపరిమితి లేదు. 1993లో లండన్‌లో జాతి విద్వేషంతో స్టీఫెన్ లారెన్స్‌ను చంపినవారిలో ఇద్దరికి 2012లో శిక్ష పడింది. దుస్తుల మీద మిగిలిన అతి సూక్ష్మమైన రక్తపు మరకా, పోగులూ అందులో కీలకం. 2003 చట్టం రాకముందైతే వారిలో ఒకడిని మళ్లీ విచారించే వీలే ఉండేది కాదు, ఎందుకంటే అంతకుముందే అతను నిర్దోషిగా విడుదలయ్యాడు.

2025 జూన్‌లో బ్రిస్టల్ కోర్టు రైలాండ్ హెడ్లీ అనే 92 ఏళ్ల మనిషిని దోషిగా తేల్చింది. నేరం 1967 నాటిది, ఇంట్లో ఒంటరిగా ఉన్న 75 ఏళ్ల వృద్ధురాలిపై అత్యాచారం చేసి చంపడం. అప్పట్లో కిటికీ మీద దొరికిన అరచేతి ముద్ర కోసం పోలీసులు 19,000 మంది మగవాళ్ల ముద్రలు తీసుకున్నారు. అతని ఇల్లు వాళ్లు గీసుకున్న హద్దుకు కాస్త బయట ఉంది. 1977లో అతను ఇప్స్‌విచ్‌లో మరో ఇద్దరు వృద్ధురాళ్లపై అత్యాచారం చేశాడు. 2012లో వేరే విషయంలో అరెస్టయినప్పుడు అతని డీఎన్ఏ డేటాబేస్‌కు ఎక్కింది. కనీసం 20 ఏళ్లు లోపల ఉండాలన్న షరతుతో యావజ్జీవం పడింది. తొంభై రెండేళ్లవాడికి ఆ అంకె దేనికని కొందరు అడిగారు, ధారావాహిక చూసి అడిగినట్టే. కేసు తేలింది మాత్రం ఓ నీలం స్కర్టు వల్ల. డీఎన్ఏ అన్న మాట పోలీసు స్టేషన్లలో వినబడటానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు సేకరించిన ఆ గుడ్డను, 58 ఏళ్ల పాటు ఎవరూ పారేయలేదు.